చదువరి ప్రాణం: అక్షరరూప బిలక్రీడల నిలకడపై ఒక పరిశీలన

ప్రస్తావన

కంప్యూటరు ఆటల చరిత్రలో రూపం త్వరగా పాతబడుతుంది. పదేళ్ళ కిందట చూపరులను అబ్బురపరచిన దృశ్యం ఈనాడు మోటుగా తోస్తుంది. యంత్రశక్తి పెరిగినకొద్దీ బొమ్మ నునుపుదేరింది; బొమ్మ నునుపుదేరినకొద్దీ పాత ఆట అటక ఎక్కింది. 1980 ప్రాంతంలో పుట్టిన ఒక తరగతి ఆటలు మాత్రం ఈ నియమానికి లొంగలేదు. వాటిలో బొమ్మలు లేవు. నల్లని తెర మీద అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు మాత్రమే ఉంటాయి. చుక్క అంటే నేల. నిలువుగీత, అడ్డగీత అంటే గోడ. ‘ఎట్’ గుర్తు అంటే ఆటగాడు. ఆంగ్ల వర్ణమాలలోని అక్షరాలు అతన్ని వెంటాడే మృగాలు, రాక్షసులు. ఆటగాడు అంతస్తు తరువాత అంతస్తుగా భూగర్భంలోకి దిగాలి. అట్టడుగున ఉన్న రక్షను చేజిక్కించుకొని తిరిగి వెలుగులోకి రావాలి. దారిలో చనిపోతే ఆట మొదటికి వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పాత బిలం ఉండదు. కొత్త బిలం పుడుతుంది.

ఈ తరగతికి మూలమైన ఆట పేరు ‘రోగ్’. అందువల్ల దీని సంతతిని ‘రోగ్ తరహా ఆటలు’ అంటున్నారు. ఈ వ్యాసంలో వీటిని సౌకర్యార్థం ‘బిలక్రీడలు’ అని వ్యవహరిస్తున్నాను. నాలుగు దశాబ్దాలు దాటినా ఇవి ఎందుకు నిలిచి ఉన్నాయన్నది ఇక్కడి ప్రశ్న. సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. బొమ్మ లేనిచోట ఊహకు చోటు ఎక్కువ ఉంటుందన్నది మొదటిది. పాత రోజుల మీది మమకారమన్నది రెండవది. రెండూ చాలవు. బొమ్మ లేకపోవడమే గుణమైతే బొమ్మలేని ఆటలన్నీ నిలవవలసింది, అవి నిలవలేదు. మమకారమే కారణమైతే ఆ ఆటల తరువాత పుట్టినవారు వాటిని ఆడకూడదు, వారూ ఆడుతున్నారు. బిలక్రీడ చదువును పర్యవసానం గల పనిగా మార్చిందని, ఒకసారి తప్పు చదివితే దిద్దుకొనే వీలు లేకుండా చేసిందని, దాని నిలకడకు మూలం అక్కడ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ ప్రతిపాదనను భారతీయ శబ్దార్థ చర్చ, తెలుగు అవధాన సంప్రదాయం, రాయలసీమ ఆటల ఆధారంగా పరిశీలించడం ఇక్కడి పద్ధతి.

బిలం: ఒక పఠన పరీక్ష

బిల ప్రవేశం మన కథాసంప్రదాయానికి కొత్త కాదు. వాల్మీకి రామాయణంలోని కిష్కింధాకాండలో రెండు బిలాలు కథాగమనాన్ని నిర్ణయిస్తాయి. మొదటిది మాయావిని తరుముతూ వాలి దూరిన బిలం. ద్వారం దగ్గర కాపున్న సుగ్రీవుడికి లోపలి పోరు కనిపించదు. ఏడాది గడిచాక నురుగుతో కూడిన నెత్తురు బయటికి వస్తుంది. అసురుల గర్జనలు వినిపిస్తాయి. అన్న కంఠం వినిపించదు. ఈ గుర్తులను చదివి అన్న మరణించాడని నిశ్చయించుకొని బిలద్వారాన్ని బండతో మూసివేస్తాడు. ఆ చదువు తప్పు. అన్నదమ్ముల వైరం, సుగ్రీవుడి ప్రవాసం, వాలి వధ అన్నీ ఆ తప్పు చదువు నుంచి పుట్టినవే.

రెండవది ఋక్షబిలం. సీతాన్వేషణలో దప్పికగొన్న వానరులు ఒక బిలం నుంచి తడిసిన రెక్కలతో వెలువడే పక్షులను చూస్తారు. లోపల నీరు ఉండి తీరాలని హనుమంతుడు అనుమానప్రమాణంతో తేలుస్తాడు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని చీకటిలోకి దిగుతారు. ఆ చదువు సరైనది. నీరు దొరుకుతుంది, ప్రాణం నిలుస్తుంది. అయితే మయనిర్మితమైన ఆ బిలం నుంచి తమంత తాముగా బయటపడే దారి వారికి లేదు. స్వయంప్రభ కరుణించి కళ్ళు మూసుకోమని చెప్పి దాటించవలసి వచ్చింది. ఆ లోపల సుగ్రీవుడు విధించిన గడువు దాటిపోయింది. గుర్తును సరిగా చదివినవాడికి కూడా బిలం వెల కట్టే వదలిపెడుతుంది.

ఈ రెండు ఘట్టాలలో బిలానికి ఉన్న లక్షణం ఒక్కటే. అక్కడ చూపు పనిచేయదు, గుర్తు పనిచేస్తుంది. గుర్తును చదవడంలో ప్రాణం ముడిపడి ఉంటుంది. వెలుతురులో పొరపాటుగా చదివినవాడు మళ్ళీ చూసి దిద్దుకొంటాడు. చీకటిలో ఆ వెసులుబాటు లేదు.

కడప, కర్నూలు సీమలో పెరిగిన చదువరికి బిలం పుస్తకంలోని మాట మాత్రమే కాదు. కమలాపురానికి వాయవ్యంగా, కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలున్నాయి. ఒకప్పటి కర్నూలు జిల్లాలోని ఈ చోటు 2022 నుంచి నంద్యాల జిల్లాలో భాగం. ‘బిలం’ అన్న మాటే ‘బెలుం’ అయిందని చెబుతారు. బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని ప్రస్తావించాడు. 1982, 1983లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలి దారులను కొలిచి పటం గీసింది. సున్నపురాతిని నీరు తొలిచి చేసిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. ఇక్కడ గమనింపదగినది నామకరణం. సింహద్వారం, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ అని లోపలి తావులకు పేర్లున్నాయి. పేరు పెట్టేదాకా గుహలో ‘చోటు’ అనేది ఉండదు. ఒకేలా ఉన్న చీకటి ఉంటుంది. పేరుతోనే అది దారి అవుతుంది. గుహను మనిషి మొదట మాటతోనే వశపరచుకొంటాడు.

బిలక్రీడల పూర్వరంగం కూడా ఒక నిజమైన గుహలోనే ఉంది. అమెరికాలో అర్పానెట్ నిర్మాణంలో పనిచేసిన ప్రోగ్రామరు విల్ క్రౌథర్ గుహాన్వేషకుడు కూడా. కెంటకీ రాష్ట్రంలోని మమ్మత్ గుహలో తాను తిరిగిన భాగాన్ని ఆధారం చేసుకొని 1970ల నడుమ ఆయన తన కుమార్తెల కోసం ఒక ఆట రాశాడు. అది ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’గా ప్రసిద్ధి పొందింది. 1977లో డాన్ వుడ్స్ దాన్ని విస్తరించాడు. ఆ ఆటలో గుహ అంతా వాక్యాలే. ఆటగాడు చదువుతాడు, ఒకటి రెండు మాటలు టైపు చేస్తాడు, మళ్ళీ చదువుతాడు. గెబావర్ బృందం బెలుంలో కొలతతో చేసిన పనిని క్రౌథర్ మాటలతో చేశాడు.

పుట్టుపూర్వాలు

క్రౌథర్ ఆటకు ఒక పరిమితి ఉంది. దానిలోని చిక్కులను రచయిత ముందే పెట్టాడు; వాటి విడుపులూ అతనికి తెలుసు. ఒకసారి విప్పిన పొడుపుకథకు రెండవసారి పస ఉండదు. శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులైన మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ 1980 ప్రాంతంలో ఈ పరిమితిని దాటదలచారు. ఆటను రాసినవారిని సైతం ఆశ్చర్యపరచగల ఆట వారికి కావలసింది. అందుకు బిలాన్ని రాయడం మాని, బిలాన్ని పుట్టించే సూత్రాన్ని రాశారు. గదులు, నడవాలు, మృగాలు, నిధులు ఎక్కడ ఉండాలో ప్రతిసారీ యంత్రమే కొత్తగా నిర్ణయిస్తుంది. ఇదే ‘రోగ్’. తరువాత బర్కిలీలో కెన్ ఆర్నల్డ్ వారితో కలిశాడు. తెర మీద కోరిన గడిలో కోరిన అక్షరాన్ని నిలిపే ‘కర్సెస్’ అనే ప్రోగ్రాముల సంపుటి ఆయనదే. బర్కిలీ యూనిక్స్ వ్యవస్థతో పాటు ఈ ఆట విశ్వవిద్యాలయాలకు పాకింది.

దాని సంతతి పెద్దది. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ‘మోరియా’ (1983), ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయంలో ‘ఆంగ్‌బాండ్’ (1990) పుట్టాయి. జే ఫెన్లాసన్ మొదలుపెట్టిన ‘హాక్’ పరిణామమై 1987లో ‘నెట్‌హాక్’ వెలువడింది. 2008లో బెర్లిన్‌లో సమావేశమైన ఆట నిర్మాతలు ఈ తరగతి లక్షణాలను నిర్వచించడానికి ప్రయత్నించారు. ప్రతిసారీ మారే బిలం, తిరుగులేని మరణం, వంతులవారీ కదలిక, గడులుగా విభజించిన తావు వారి పట్టికలో ముఖ్యమైనవి. నెట్‌హాక్ నిలకడకు ఒక్క సంగతి చాలు. 2003 డిసెంబరులో 3.4.3 రూపం వెలువడిన తరువాత 2015 డిసెంబరులో 3.6.0 వచ్చేదాకా పన్నెండేళ్ళు కొత్త విడుదల లేదు. ఆ పన్నెండేళ్ళూ జనం అదే ఆట ఆడుతూ వచ్చారు. కొత్తదనం ఆట విడుదలలో లేదు, ఆటలోనే ఉంది.

ఆకృతి లేని పదార్థం

పదానికి అర్థం జాతియా, వ్యక్తియా అన్నది మన శాస్త్రాలలో పాత చర్చ. మీమాంసకులు జాతి వైపు మొగ్గారు. నైయాయికులు వ్యక్తి, ఆకృతి, జాతి మూడూ కలిసి పదార్థమన్నారు. ఈ విభజన బిలక్రీడకు అచ్చంగా సరిపోతుంది. బొమ్మల ఆట ముందుగా ఆకృతిని ఇస్తుంది. పొలుసులు, కోరలు, రెక్కలు కనిపించాక అది ఏ జాతిదో, ఎంత ప్రమాదకరమో చూపరి ఊహించాలి. బిలక్రీడ ఆకృతిని పూర్తిగా తొలగించి జాతిని, వ్యక్తిని మాత్రమే మిగిల్చింది. నెట్‌హాక్‌లో అక్షరం జాతిని చెబుతుంది. రంగు ఆ జాతిలోని విశేషాన్ని చెబుతుంది. చిన్న ‘డి’ అంటే కుక్కలు, నక్కలు, తోడేళ్ళ జాతి. పెద్ద ‘డి’ అంటే డ్రాగన్ల జాతి; ఎరుపైతే నిప్పు కక్కేది. తెర మీద ఉన్నది బొమ్మకు దరిద్రమైన ప్రత్యామ్నాయం కాదు, అది పదం. చదవడం వచ్చినవాడికి ఒక్క చూపులో ఇరవై జీవుల స్థితి తెలుస్తుంది. బొమ్మల గుంపులో అంత స్పష్టత దుర్లభం.

ఊహకు చోటు ఎక్కువన్న సాధారణ వాదానికి, ఈ వాదానికి తేడా ఉంది. అనుభవజ్ఞుడైన ఆటగాడు ఎర్రని ‘డి’ని చూసి డ్రాగన్ రూపాన్ని మనసులో చిత్రించుకోడు. ఎన్ని గడుల దూరంలో ఉంది, వరుసలో ఉందా ఐమూలలో ఉందా, నిప్పును తట్టుకొనే శక్తి తనకు ఉందా లేదా, మెట్లు ఎటున్నాయి అని లెక్కిస్తాడు. ఆ లెక్కలో నుంచి భయం పుడుతుంది. భయానకానికి ఆలంబనం కావడానికి నిండైన రూపం అక్కరలేదనడానికి ఇది మంచి నిదర్శనం. నడవా చివర కనిపించిన ఒక్క అక్షరం చాలు. వాచ్యం ఒక వర్ణం, వ్యంగ్యం మరణం.

నీలిరంగు చిన్న ‘ఇ’ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. అది గాలిలో తేలే కన్ను. అది ఎవరి జోలికీ రాదు. దాన్ని చూస్తూ చేతి ఆయుధంతో కొట్టినవాడు మాత్రం కొయ్యబారిపోతాడు. కదలలేని ఆ స్థితిలో దారినపోయే ఏ చిన్న జీవైనా అతన్ని చంపగలదు. కళ్ళకు గంత కట్టుకొని కొడితే ప్రమాదం లేదు. దాని మాంసం తింటే దూరాన ఉన్న ప్రాణుల మనసులను పసిగట్టే శక్తి కూడా వస్తుంది. ఒకే అక్షరంలో నిషేధం, వరం రెండూ ఉన్నాయి. ఏది దక్కుతుందన్నది చదువరి నిలకడను బట్టి ఉంటుంది. తొందరపాటుకు మరణం, ఆగి చదివినందుకు వరం: ఈ న్యాయాన్ని ఆట ఎక్కడా నీతివాక్యంగా చెప్పదు, పాటిస్తుంది.

ప్రతి ఆటలో మారే నిఘంటువు

బిలంలో దొరికే మంత్రపత్రాలకు పేర్లుంటాయి. ‘జెల్గో మెర్’ వంటి ఆ పేర్లలో చాలావాటికి ఏ భాషలోనూ అర్థం లేదు. ప్రతి ఆట మొదట్లో ఈ పేర్లను యంత్రం కలిపి పంచుతుంది. నిన్నటి ఆటలో ఆయుధానికి పదునుపెట్టిన పత్రం ఈనాటి ఆటలో కవచాన్ని బూడిద చేయవచ్చు. పత్రం ఏమిటో తెలియాలంటే చదవాలి. చదివితే అది ఖర్చవుతుంది, ఫలితం జరిగిపోతుంది. శబ్దానికి, అర్థానికి నడుమ ఉన్నది సంకేతమే తప్ప సహజబంధం కాదన్న వాదాన్ని ఇంత మొరటుగా, ఇంత సమర్థంగా అనుభవానికి తెచ్చిన రచన మరొకటి ఉండదేమో.

అయినా ఆటగాడు నిస్సహాయుడు కాడు. అర్థాన్ని చుట్టుదారిలో పట్టుకోవచ్చు. బిలంలోని అంగడివాడు పత్రానికి పలికిన ధరను బట్టి అది ఏ కోవలోదో ఊహించవచ్చు; అన్నింటికన్నా చవకగా పలికేది వస్తువులను గుర్తించే పత్రం. ఎక్కువసార్లు దొరికిన పేరు సాధారణమైన పత్రానిదై ఉండవచ్చు. లిపి తెలియని శాసనాన్ని పరిష్కర్త చదివే తీరు ఇదే: ఎక్కడ దొరికింది, ఎన్నిసార్లు వచ్చింది, దేని పక్కన వచ్చింది అని చూసి అర్థాన్ని ఒడిసిపట్టడం. తెలుగు పరిశోధక విద్యార్థికి తాళపత్రాల గదిలో నేర్పే క్రమశిక్షణను ఈ ఆట మరో తీరున నేర్పుతుంది.

చదవడమే కాదు, రాయడానికీ ఈ బిలంలో శక్తి ఉంది. ఆటగాడు నేల దుమ్ములో వేలితో ‘ఎల్బెరెత్’ అని రాస్తే చాలా మృగాలు ఆ గడి జోలికి రావు. ఆ పేరు టోల్కీన్ కథాలోకంలోని ఒక దేవతది. దుమ్ములో రాసిన రాత చెరిగిపోవచ్చు. ఆ గడిలో నిలబడి కత్తి దూస్తే 3.6.0 నుంచి అది చెరిగిపోతుంది. తాయెత్తులో చుట్టి కట్టే రాగిరేకు మీది అక్షరాలను ఎరిగిన సమాజానికి ఈ ఊహ సులభంగా అందుతుంది. అక్షరాలతో కట్టిన లోకంలో అక్షరమే రక్ష కావడం ఉచితంగా ఉంది.

గవ్వ, గులకరాయి, పృచ్ఛకుడు

అదృష్టానికి, బుద్ధికి నడుమ ఏ ఆట ఎక్కడ నిలుస్తుందో చూస్తే బిలక్రీడ స్థానం తేటపడుతుంది. వైకుంఠపాళిలో గవ్వలదే రాజ్యం. నిచ్చెనలు పుణ్యాలకు, పాములు పాపాలకు గుర్తులు. పై వరుసల్లోని పెద్దపాము నోట పడితే అడుక్కి జారవలసిందే. గడిగడికీ పేరున్నందువల్ల ఇదీ చదివే ఆటే. అయితే ఆ చదువు ఆటగాడి నడకను మార్చదు. కామమో క్రోధమో రాసి ఉన్న గడిని తప్పించుకొనే వీలు అతనికి లేదు. పడినప్పుడు తప్పు గవ్వలది.

పులిజూదం దీనికి ఎదురుకొస. పాపఘ్ని ఒడ్డున ఉన్న కమలాపురం, పక్కనున్న ఎర్రగుంట్ల ప్రాంతం నాపరాతి సీమ. అరుగులకు, రచ్చబండలకు పరచే నాపబండ మీద సుద్దతోనో బొగ్గుతోనో గీసినా, శాశ్వతంగా చెక్కినా పులిజూదం పటం సిద్ధమవుతుంది. వాడుకలో ఉన్న ఒక రూపంలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు తావులు. ఆకులో పుల్లలో రాళ్ళో ఏది దొరికితే అది పావు. పెద్ద గులకరాయి పులి, చిన్నది మేక. ఎవరూ రాయిలో పులి పోలికను వెతకరు. పావు విలువ దాని చలనశక్తిలో ఉంది, ఆకృతిలో లేదు. ‘డి’ డ్రాగన్ కావడానికి, గులకరాయి పులి కావడానికి ఉన్న తర్కం ఒక్కటే. ఇక్కడ అదృష్టానికి తావు లేదు. పులి మేకను దాటి చంపినా, మేకలు పులిని కట్టివేసినా అది ఎత్తుల ఫలం. అయితే పటం మారదు. ఇద్దరు నిపుణులు తరచుగా ఆడితే ఎత్తులు బట్టీపడతాయి.

బిలక్రీడలో ఈ రెండింటి కలయిక ఉంది. పరిస్థితిని అదృష్టం ఇస్తుంది; ప్రతిక్రియ బుద్ధిది. ఈ కలయికకు తెలుగులో సాటి వెతకవలసింది ఆటల్లో కాదు, అవధానంలో. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి, సి.వి. సుబ్బన్న శతావధాని వంటివారి వల్ల కమలాపురానికి సమీపంలోని ప్రొద్దుటూరు అవధాన విద్యకు పేరుపొందిన చోటు. అష్టావధానంలో పృచ్ఛకుడు ఏమడుగుతాడో అవధానికి ముందు తెలియదు. నిషేధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం వేసినకొద్దీ తరువాతి అక్షరానికి నిషేధం పడుతుంది. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలు చేతికి వస్తాయి. వాటితోనే అడిగిన విషయాన్ని చెప్పాలి. ఛందస్సు మాత్రం స్థిరం. గణాలు, యతి, ప్రాస మారవు. స్థిరమైన నియమం, అనూహ్యమైన పదార్థం, అక్కడికక్కడ చేయవలసిన రచన: బిలక్రీడ నిర్మాణం కూడా ఇదే. యంత్రం పృచ్ఛకుడు, ఆటగాడు అవధాని.

వీటి పోలికలో ముఖ్యమైనది తిరుగులేనితనం. కాగితం మీద కవి కొట్టివేసి మళ్ళీ రాయగలడు. సభలో అవధాని నోటివెంట వెలువడిన పాదం వెలువడినట్టే. ఆ పాదానికి కట్టుబడి తరువాతి పాదం సాగాలి. చివర ధారణలో అన్నింటినీ అప్పజెప్పాలి. అవధాన పద్యం ముద్రణలో చదివినప్పుడు తరచుగా సాదాగా తోస్తుంది. సభలో విన్నవారికి మాత్రం మరపురాదు. సభ ఆస్వాదించేది పద్యాన్ని మాత్రమే కాదు, పడిపోయే అవకాశం ఉండి కూడా పడకపోవడాన్ని. బిలక్రీడలో దాచిపెట్టిన ఆటను తిరిగి తెరిచినప్పుడు ఆ ప్రతిని యంత్రం చెరిపివేస్తుంది. వెనక్కి వెళ్ళి మరో దారి తొక్కే వీలు లేదు. ఆ ఫైలును దొంగచాటుగా నకలు తీసి పెట్టుకొనేవారు ఉన్నారు. వారు గెలవగలరు, కాని ఆ గెలుపు ముందే కట్టిన పద్యంతో చేసిన అవధానం వంటిది.

మరణం మిగిల్చేది

తిరుగులేని మరణం క్రూరమైన నియమంగా కనిపిస్తుంది. అది తీసుకొనేదేమిటో, మిగిల్చేదేమిటో విడదీసి చూడాలి. పాత్ర సంపాదించిన కత్తులు, కవచాలు, బలం పోతాయి. ఆటగాడి తెలివిడి పోదు. నీలి కన్నును కొట్టి ఒకసారి చచ్చినవాడు రెండవసారి కొట్టడు. ఇతర ఆటలు పెంచేది పాత్రను; బిలక్రీడ పెంచేది చదువరిని. గెలుపు అరుదుగా దక్కినా ఆట విసుగు పుట్టించకపోవడానికి ఇది ఒక కారణం. ప్రతి మరణానికీ కారణం వెనక్కి నడిచి చూస్తే దొరుకుతుంది. ఆటగాళ్ళు తమ మరణాలను కథలుగా చెప్పుకోవడంలో ఈ వెనుచూపే ఉంది.

విశ్వవిద్యాలయాల ఉమ్మడి యంత్రాల కాలంలో పుట్టిన మరో ఏర్పాటు కూడా గమనింపదగినది. ఒకడు చనిపోయిన అంతస్తును యంత్రం ఒక్కోసారి భద్రపరుస్తుంది. తరువాత అదే యంత్రం మీద ఆడే మరొకడు ఆ అంతస్తులో అడుగుపెడితే అక్కడ మొదటివాడి పేరుతో ప్రేతం తిరుగుతూ ఉంటుంది. వాడి సొత్తు చాలావరకు శాపగ్రస్తమై పడి ఉంటుంది. రాయలసీమ ఊరి పొలిమేరల్లోని వీరగల్లుకూ దీనికీ చుట్టరికం ఉంది. ఇక్కడ ఒకడు పడ్డాడు, చూసి నడువు అన్నదే రెండింటి సందేశం.

రెండు ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనకు రెండు గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది నెట్‌హాక్ గుప్తజ్ఞానానికి సంబంధించింది. కొకట్రైస్ అనే పసుపుపచ్చని చిన్న ‘సి’ని ఉత్తచేత్తో తాకితే ఆటగాడు రాయిగా మారతాడు, తొడుగు వేసుకొని దాని కళేబరాన్ని పట్టుకొంటే అదే ఎదిరిని రాయిని చేసే ఆయుధం. ఇటువంటి సంగతులు వందలున్నాయి. అన్నింటినీ ఆడి తెలుసుకోవాలంటే ఒక జీవితం చాలదు. అందుకే ఎక్కువమంది మార్గదర్శక గ్రంథాలను బట్టీపట్టి ఆడతారు. అప్పుడు అది చదువు కాదు, వల్లెవేత. ఈ ఆక్షేపణ న్యాయమైనది. నెట్‌హాక్ మహిమ, దోషం రెండూ దాని విస్తారమే. బ్రయాన్ వాకర్ 2009లో విడుదల చేసిన ‘బ్రోగ్’ ఈ దోషానికి ఇచ్చిన జవాబు. తెలియవలసినదాన్ని చాలావరకు ఆ ఆటే తెర మీద చెబుతుంది. చెప్పినదాన్ని సందర్భంలో అన్వయించుకోవడం మాత్రమే ఆటగాడి పని. ఈ వ్యాసం ప్రతిపాదించిన కొలత ప్రకారం ‘బ్రోగ్’ చిన్నదైనా మేలైన బిలక్రీడ.

రెండవది బొమ్మకు సంబంధించింది. తార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ముల ‘డ్వార్ఫ్ ఫోర్‌ట్రెస్’ 2006లో అక్షరాలతోనే వెలువడింది. న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల 2012లో సేకరించిన ఆటలలో అది ఒకటి. 2022 డిసెంబరులో బొమ్మలతో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి పెద్ద ఆదరణ దక్కింది. మరి అక్షరం ఎందుకు? ఆ బొమ్మలను పరిశీలిస్తే జవాబు దొరుకుతుంది. అవి గడికి ఒకటిగా కూర్చిన చిన్న గుర్తులు. ఒక్కో గుర్తు ఒక్కో జాతిని చెబుతుంది. ఆకృతి కొద్దిగా తిరిగి వచ్చింది గాని చదివే పద్ధతి మారలేదు. కాబట్టి నిలకడ లాటిను లిపిది కాదు. గడిలో కుదురుకొన్న, చదవదగిన గుర్తుది. అక్షరం ఆ గుర్తుకు అతి పొదుపైన రూపం. ఒక మనిషి ఒంటరిగా, చిత్రకారుడి సాయం లేకుండా, ఒక కొత్త మృగాన్ని లోకంలోకి తేవడానికి ఒక అక్షరం, ఒక రంగు చాలు. ఈ తరగతి ఆటలు ఇన్ని పుట్టడానికి ఆ పొదుపే వీలు కల్పించింది.

తెలుగు అక్షరం, యంత్రపు గడి

పై నిర్ణయం తెలుగు పరిశోధకుల ముందు ఒక నిర్దిష్ట సమస్యను పెడుతుంది. బిలక్రీడ పుట్టిన తెర 24 వరుసలు, 80 నిలువు గడుల పటం. గడికి ఒక అక్షరం, అన్ని గడులూ ఒకే వెడల్పు. లాటిను లిపికి అది అమరింది. తెలుగుకు అమరదు. 1991 నాటి మొదటి రూపం నుంచి యూనికోడ్‌లో తెలుగు ఉంది. అయితే యూనికోడ్ లెక్కించేది మన అక్షరాలను కాదు, వాటి భాగాలను. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం; యంత్రానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిసి ఆరు సంకేతాలు. ఆ ఆరింటికి ఎన్ని గడులివ్వాలన్న విషయంలో ఒక తెరకూ మరో తెరకూ పొత్తు కుదరదు. వత్తు పక్క గడిలోకి జారుతుంది, వరుస చెదురుతుంది, గోడ ఉండవలసిన చోట సందు కనిపిస్తుంది. గడిని చదవడమే ప్రాణమైన ఆటలో ఇది చిన్న లోపం కాదు.

ఈ సమస్యకు పరిష్కారపు ఊహ మన సాహిత్యంలోనే ఉంది. చక్రబంధం, నాగబంధం వంటి చిత్రకవితా రూపాలు పద్యాన్ని గడుల్లో నిలుపుతాయి. అక్కడ గడిలో ఉండేది పూర్ణాక్షరం. సంయుక్తమైనా, దీర్ఘమైనా అది ఒక్కటే. రెండు దారులు కలిసే గడిలోని అక్షరం రెండు పాదాలకూ చెందుతుంది. ఏ దారిన వచ్చి చదివితే ఆ అర్థం. ఆలంకారికులు బంధకవిత్వాన్ని అధమకావ్యంగా తేల్చారు. రసదృష్టితో ఆ తీర్పును ఇక్కడ తిరగతోడనక్కరలేదు. తావును అక్షరంతో నింపి, ఆ తావులో నడిచినట్టు చదివించే విద్య మాత్రం తెలుగు కవులకు శతాబ్దాలుగా తెలుసు. యంత్రం కన్నా ముందే వారు ‘గడి’కి తెలుగు నిర్వచనం ఇచ్చారు: గడి అంటే ఒక పూర్ణాక్షరం పట్టే చోటు.

ఈ నిర్వచనం అందుబాటులోకి వస్తే తెలుగు లిపి బిలక్రీడకు భారం కాదు, బలం. లాటిను వర్ణమాలలో చిన్న, పెద్ద కలిపి 52 గుర్తులు. తెలుగులో ఒక హల్లుకు గుణింతం ఉంది, వత్తు ఉంది. హల్లు జాతిని, గుణింతం వయసును, వత్తు విశేషాన్ని చెప్పగల లిపి మనది. ‘పు’ పులి అయితే ‘పూ’ ఎదిగిన పులి కావచ్చు. లాటిను బిలంలో రంగు మోసే భారాన్ని తెలుగు బిలంలో లిపి మోయగలదు. ఇది రంగులను గుర్తించలేని చదువరులకు కూడా ఉపకరించే సంగతి.

ఉపసంహారం

అక్షరరూప బిలక్రీడల నిలకడకు మూడు కారణాలు ఈ పరిశీలనలో తేలాయి. అవి ఆకృతిని తొలగించి జాతివ్యక్తులను మిగల్చడం వల్ల ఆటగాణ్ణి చూపరి స్థానం నుంచి చదువరి స్థానానికి మార్చాయి. అవధానంలో వలె స్థిరనియమాన్ని అనూహ్య పదార్థంతో కలపడం వల్ల రచయితకు కూడా అంతుపట్టని కొత్తదనాన్ని సాధించాయి. తిరుగులేని మరణం వల్ల చదువుకు వెల కట్టాయి. మూడవది లేకపోతే మొదటి రెండూ వినోదంగా మిగిలేవి.

తెలుగు శాఖలు కంప్యూటరు ఆటలను సాహిత్యేతర విషయాలుగా పక్కన పెట్టడం వాడుక. సుగ్రీవుడు చదివిన నెత్తుటి నురుగు, హనుమంతుడు చదివిన తడిరెక్కలు సాహిత్యమైనప్పుడు, నడవా చివరి ఎర్రని ‘డి’ని చదివే పని కూడా మన పరిశీలనకు అర్హమే. తెలుగులో బిలక్రీడను కట్టదలచినవారు కథతోనో పురాణపాత్రల పట్టికతోనో మొదలుపెట్టకూడదు. ‘స్త్రీ’ అన్న అక్షరం చెదరకుండా ఒక్క గడిలో నిలవడం మొదటి మెట్టు. అది నిలిచిన తరువాత లోపలికి దిగే దారి తెలుగులోనే చదువుకోవచ్చు.